పాత తలుపుకు శాండర్ పట్టే ముందు

కడప చుట్టుపక్కల పాత మిద్దె ఇళ్లలోని టేకు, వేప తలుపులను మళ్లీ పాలిష్ చేసేటప్పుడు చాలామంది యాంగిల్ గ్రైండర్‌కు ఫ్లాప్ డిస్కు (గరుకు కాగితపు రేకులున్న చక్రం) బిగించి పని కానిచ్చేస్తారు. దానివల్ల చెక్కలో నెలవంకల్లాంటి గుంటలు పడతాయి, వార్నిష్ వేశాకగానీ అవి బయటపడవు. ఇంటి పనికి 125 మిల్లీమీటర్ల ర్యాండమ్ ఆర్బిటల్ శాండర్ (చెక్కను రుద్ది నునుపు చేసే యంత్రం) మేలు. దాని అడుగునున్న గుండ్రటి పళ్లెం తిరుగుతూనే చిన్న వలయంలో ఊగుతుంది కనుక గీతలు ఒకే దారిన పడవు. పలకల మూలలకు మాత్రం చేత్తో రుద్దుకోవాలి.

అంగట్లో వాట్లు అడగడానికి ముందు యంత్రాన్ని తిరగేసి చూడండి. పళ్లెంలోని రంధ్రాలకు సరిపోయే గరుకు కాగితాలు (శాండ్‌పేపర్) మన ఊళ్లో దొరుకుతాయా, ధూళి బయటికొచ్చే మూతికి వాక్యూమ్ పైపు బిగుస్తుందా, వేగం తగ్గించే చక్రం ఉందా అన్నవే అసలు సంగతులు. కాగితం రంధ్రాలు పళ్లెం రంధ్రాలతో కలవకపోతే, ఎంత ఖరీదైన యంత్రమైనా ధూళిని లోపలికి లాగలేదు.

80 నంబరు కాగితంతో మొదలుపెట్టి 120, 180 వరకు వెళ్లండి, మధ్యలో దేన్నీ దాటేయవద్దు. యంత్రాన్ని అదిమిపట్టకుండా, దాని బరువుతోనే నెమ్మదిగా జరపాలి. అదిమితే పళ్లెం తిరగడం తగ్గి సుడి గీతలు పడతాయి. గడప మీద ఏళ్లుగా పేరుకున్న పసుపూ నూనే కాగితాన్ని నిమిషాల్లో జిడ్డుపట్టిస్తాయి కాబట్టి, దాన్ని ముందే సబ్బునీళ్లతో కడిగి బాగా ఆరనివ్వాలి.

ధూళిని తేలిగ్గా తీసుకోవద్దని గట్టిగా చెబుతాను. చెక్క ధూళి మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే వర్గీకరించింది. యంత్రానికున్న గుడ్డసంచి పొట్టును ఆపుతుందేగానీ సన్నటి పొడిని పూర్తిగా ఆపలేదు. సన్నటి పొడిని కూడా పట్టే హెపా ఫిల్టరున్న వాక్యూమ్ తగిలించడం మంచిది. ముక్కుకు కట్టుకున్న తువాలు చాలదు, ముఖానికి బిగుతుగా పట్టే ఎన్95 మాస్కు కావాలి. పని పెరట్లోనో వసారాలోనో, గాలి మీ వెనకనుంచి వీచేలా నిలబడి చేసుకోండి.

పాత ఆయిల్ పెయింట్ ఉన్న తలుపుల సంగతి వేరు. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగులో సీసం ఉండే అవకాశం ఉంది కనుక దాన్ని యంత్రంతో పొడిగా గీకవద్దు. పెయింట్ రిమూవర్ పూసి మెత్తబడ్డాక స్క్రేపర్‌తో తీసి, ఆ పెచ్చులను సంచిలో కట్టేయండి. ఆ రోజు పిల్లలనూ గర్భిణులనూ ఆ దరిదాపులకు రానివ్వకూడదు.

పని ముగిశాక చీపురు పట్టకండి, అణిగిన పొడి మళ్లీ లేస్తుంది. సన్నటి పొడి గంటల తరబడి గాలిలోనే ఉంటుంది కాబట్టి మాస్కు వెంటనే తీయకుండా తడిగుడ్డతో తుడిచి, మర్నాడు పొద్దున వార్నిష్‌కు ముందు ఇంకోసారి తుడవండి.