దసరా సెలవుల్లో మిగ్-21 నమూనా కడుతున్నారా? ముందు ఇవి చూసుకోండి

• బాడీ రెండు సగాలు అతికించక ముందే ముక్కులో బరువు పెట్టండి. మరిచిపోతే పూర్తయిన విమానం తోక మీద కూలబడుతుంది, ఇక విప్పే దారి ఉండదు. వలలకు కట్టే సీసం గుళ్లు చక్కగా పనికొస్తాయి. రెక్కలు, తోక టేపుతో నిలిపి, చక్రాలు వచ్చే చోట వేళ్ల మీద ఆనించి చూడండి. ముక్కు వైపు వాలాలి. సీసం ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి.

• ముసురు పట్టిన రోజు స్ప్రే వద్దు. తేమకు వార్నిష్ తెల్లగా పాలిపోతుంది. అక్టోబరు సంగతి విజయనగరం, శ్రీకాకుళం వారికి చెప్పాలా? 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ అప్పుడే వచ్చాయి.

• కాక్‌పిట్ అద్దానికి సూపర్ గ్లూ వాడకండి, ఆవిరికే మసకబారుతుంది. ఫెవికాల్ చాలు.

• డెకాల్స్‌కు (నీళ్లలో నానబెట్టి అతికించే గుర్తులకు) ముందు నున్నటి మెరుపు పూత. గరుకు మీద అతికిస్తే కింద గాలి చిక్కి వెండిలా కనిపిస్తుంది.

• ఏ కాలపు విమానమో తేల్చుకోండి. మన వాయుసేనలో 1963 నుంచి 2025 వరకు ఉంది. తొలినాటి వాటిది మెరిసే లోహం, తర్వాత మెరుగుపరిచిన రకం బైసన్‌ది బూడిద రంగు.

• సిరిమాను సంబరానికి చుట్టాలు, వారితో పిల్లలు వస్తారు. ఆరుతున్న రెక్కలు అటక మీద ఉండాలి.