ఎన్నికల వేళ పత్రికను ఎలా చదవాలి

నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిసిన నాటి నుంచి పోలింగ్ వరకు దినపత్రికను మామూలు రోజుల్లో చదివినట్టు చదివితే సరిపోదు. విలేకరి వెళ్లి చూసి రాసిన వార్త, డబ్బిచ్చి వేయించుకున్న పొగడ్త, చట్టానికి తలవంచి అభ్యర్థి ఇచ్చిన ప్రకటన ఒకే పుటలో కలగలిసి వచ్చే రోజులవి. వాటిని వేరుచేసి చూడగలిగే ఓటరుకు పత్రికను మించిన సాధనం లేదని నా నమ్మకం.

ముందుగా మీ నియోజకవర్గ అభ్యర్థుల ఫారం 26 అఫిడవిట్లను (నామినేషన్‌తో పాటు ఇచ్చే ప్రమాణపత్రాలను) ఎన్నికల సంఘం వెబ్‌సైటు నుంచి దింపుకోండి. కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు, గత అయిదేళ్ల ఆదాయపన్ను వివరాలు వాటిలో ఉంటాయి. పత్రికలో అభ్యర్థి పరిచయం వచ్చినప్పుడు ఈ కాగితాలను పక్కన పెట్టుకుని చదివితే, రాయకుండా విడిచిపెట్టిన సంగతులు ఏవో తెలిసిపోతాయి.

తరువాత నేరచరిత్ర ప్రకటనలను వెతకండి. క్రిమినల్ కేసులున్న అభ్యర్థి, అతణ్ని నిలబెట్టిన పార్టీ ఆ వివరాలను పత్రికల్లో విస్తృతంగా వెల్లడించాలని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరులో ఆదేశించింది. ప్రచార కాలంలో ఇవి మూడుసార్లు రావాలి. కేసులు లేనివారిని కాదని అటువంటి వ్యక్తినే ఎందుకు ఎంపిక చేశారో పార్టీ చెప్పాలని, గెలిచే అవకాశం ఉందనడం ఒక్కటే కారణం కాజాలదని 2020 ఫిబ్రవరిలో అదే న్యాయస్థానం స్పష్టం చేసింది. లోపలి పుటల్లో పట్టికలా కనిపించే ఈ ప్రకటనను చాలామంది దాటవేస్తారు. మీరు మాత్రం కోర్టు పేరు, కేసు నంబరు, సెక్షన్లు, కేసు ప్రస్తుత దశ చూసి అఫిడవిట్‌తో సరిపోల్చండి. పార్టీ చెప్పిన కారణం ఆ అభ్యర్థికి ప్రత్యేకంగా రాసినదా, అందరికీ ఒకే వాక్యాలు అతికించారా అన్నది కూడా గమనించండి.

అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త అవసరమైనవి జిల్లా పేజీలు. ‘ప్యాకేజీ’ వార్తలు, అంటే డబ్బు తీసుకుని వార్తల్లా వేసే చెల్లింపు వార్తలు, ఎక్కువగా కనిపించేది అక్కడే. ‘అడుగడుగునా జననీరాజనం’, ‘గెలుపు నల్లేరు మీద నడకే’ వంటి శీర్షిక కింద అభ్యర్థి ఏ వీధిలో తిరిగాడో, జనం ఏమి అడిగారో, ఆయన ఏమి బదులిచ్చాడో ఒక్క ముక్క కూడా లేకపోతే అనుమానించాలి. అదే పుటలో ప్రత్యర్థికి కూడా విజయం ఖాయమని మరో వార్త ఉంటే, లేదా అవే వాక్యాలు మరో పత్రికలోనూ కనిపిస్తే అనుమానం బలపడుతుంది. అయితే ఒక్క లక్షణాన్ని బట్టి తీర్పు చెప్పడం న్యాయం కాదు. పార్టీ పంపిన ప్రెస్ నోట్‌ను యథాతథంగా వేసినా రెండు పత్రికల్లో ఒకే వాక్యాలు రావచ్చు. అందుకే కనీసం వారం రోజులపాటు రెండు పత్రికల జిల్లా పేజీలను పక్కపక్కన పెట్టి, ఎవరి పేరు అసలు కనిపించకుండా పోయిందో కూడా రాసుకోండి. డబ్బు ఇవ్వని అభ్యర్థిని పాఠకుల కంటికి కనిపించకుండా చేయడం, ఇచ్చినవారిని పొగడడం కన్నా పెద్ద అన్యాయం.

2009 ఎన్నికల తరువాత ఈ చెల్లింపు వార్తల మీద విచారణకు, పత్రికల ప్రమాణాలను పర్యవేక్షించే ప్రెస్ కౌన్సిల్ నియమించిన ఇద్దరు సభ్యుల ఉపసంఘంలో మన తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాసరెడ్డి ఒకరు. 2010లో సిద్ధమైన ఆ పూర్తి నివేదిక, కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాక 2011లో గానీ బయటకు రాలేదు.

అనుమానం బలమైనదైతే పుట మొత్తాన్ని తేదీ, ఎడిషన్ పేరు కనిపించేలా భద్రపరచి, అదే రోజు, ఎన్నికల వేళ ఇలాంటి వార్తలను పరిశీలించే జిల్లా మీడియా సర్టిఫికేషన్, మానిటరింగ్ కమిటీకి ఫిర్యాదు చేయండి. రిటర్నింగ్ అధికారి అభ్యర్థికి 96 గంటల్లోగా నోటీసు ఇవ్వాలి కనుక ఆలస్యం పనికిరాదు. చెల్లింపు వార్త అని తేలితే దాని విలువను లెక్కగట్టి అభ్యర్థి ఖర్చులో కలుపుతారు. తెలుగు రాష్ట్రాల్లో ఆ పరిమితి శాసనసభకు 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షల రూపాయలు. పత్రికపై ఫిర్యాదు వేరే దారి: ముందు సంపాదకుడికి రాసి, ఆపైన వార్త అచ్చయిన రెండు నెలల్లోగా ప్రెస్ కౌన్సిల్‌ను ఆశ్రయించాలి. కౌన్సిల్ మందలించగలదే తప్ప జరిమానా వేయలేదు, ఇది మార్చవలసిన లోపం.

పోలింగ్‌కు ముందు 48 గంటల మౌనం టీవీకి, సినిమాకు వర్తిస్తుంది గానీ పత్రికకు కాదు. అందుకే పోలింగ్ రోజు, దాని ముందురోజు వచ్చే రాజకీయ ప్రకటనలకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేశారు. పోలింగ్ రోజు ఉదయం మొదటిసారి కనిపించే తీవ్రమైన ఆరోపణకు అవతలివారు మర్నాటి పత్రికలో జవాబిచ్చేసరికి ఓటు పడిపోయి ఉంటుంది కనుక, దాని ఆధారంగా నిర్ణయం మార్చుకోకండి.

ఫలితాలు వచ్చాక కూడా ఆ కత్తిరింపులను పారేయవద్దు. ఫలితం వెలువడిన 30 రోజుల్లోగా అభ్యర్థి జిల్లా ఎన్నికల అధికారికి ఖర్చుల లెక్క సమర్పించాలి. స్వల్ప రుసుము కట్టి ఎవరైనా దాన్ని చూడవచ్చు. మీరు దాచిన ప్రకటనలు అందులో ఉన్నాయో లేదో సరిచూడండి. ఉత్తరప్రదేశ్‌లోని బిసౌలీ నుంచి 2007లో గెలిచిన ఎమ్మెల్యేను ఎన్నికల సంఘం 2011 అక్టోబరులో మూడేళ్లపాటు అనర్హురాలిగా ప్రకటించింది, పత్రికల్లో వార్తల రూపంలో వేయించుకున్న ప్రచారం ఖర్చును లెక్కలో చూపనందుకే.