చిగుళ్ల నుంచి రక్తం వస్తున్నా, రాకపోయినా

పళ్లు తోమేటప్పుడు రక్తం కనబడుతుంది. మర్నాటి నుంచి ఆ వైపు బ్రష్షు పెట్టడమే మానేస్తారు. వారం తిరిగేసరికి చిగురు ఇంకా ఉబ్బుతుంది. ఒంగోలులో ఇన్నేళ్లుగా పళ్లు చూస్తున్నాను, ఈ వరుస మారడం లేదు.

ముందు అద్దం తీసుకోండి. నాలుక పైకెత్తి, కింది ముందు పళ్ల లోపలి వైపు చూడండి. గోటితో గీకినా రాని పసుప్పచ్చ గట్టు ఉంటే అది గార. నాలుక కింద లాలాజలం ఊరేది అక్కడే కాబట్టి పాచి అక్కడే త్వరగా గట్టిపడుతుంది. వేపపుల్ల, ఉప్పునీళ్లు, నువ్వుల నూనె పుక్కిలింత, వీటిలో ఏదీ గారను కరిగించదు. డాక్టరు దగ్గర తీయించుకోవాల్సిందే. తీస్తే పళ్లు కదులుతాయని భయపడకండి. అప్పటికే వదులైన పంటిని గార పట్టి ఉంచుతుంది, తీశాక ఆ వదులు బయటపడుతుంది.

గార లేదా? అయితే మెత్తని పాచే కారణం. మెత్తని బ్రష్షును చిగురు అంచున ఏటవాలుగా పెట్టి రెండు పూటలా 2 నిమిషాలు తోమండి, రక్తం వచ్చే చోటును వదలకండి. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలిస్తే సలుపు తగ్గుతుంది. వేపపుల్ల కొసను కుంచెలా నమిలి, చిగురు నుంచి పంటి వైపుకే తోమాలి. బొగ్గు, ఇటుకపొడి వద్దే వద్దు. ఒకటి రెండు వారాల్లో రక్తం ఆగాలి.

ఇక నన్ను మోసం చేసిన కారణం పొగాకు. టంగుటూరు వైపు నుంచి ఒక రైతు వచ్చారు, చుట్ట అలవాటు. "రక్తం చుక్క రాదు డాక్టరమ్మా, నా చిగుళ్లు రాయి" అన్నారు. చూస్తే నిజంగానే గట్టిగా, పాలిపోయి ఉన్నాయి. నమ్మి, గార తీసి పంపేశాను. రెండేళ్ల తర్వాత చూస్తే, చిగురు లోతు కొలిచే సన్నని కడ్డీ దవడపంటికీ చిగురుకూ మధ్య 7 మిల్లీమీటర్లు దిగింది. బాగున్న చిగురులో అది 3 దాటకూడదు. నికోటిన్ చిగుళ్లలోని రక్తనాళాలను బిగించేస్తుంది. లోపల ఎముక కరుగుతున్నా పైకి ఎరుపు కనబడదు, రక్తం రాదు.

అసలు బాధ ఆ తర్వాత. ఆయన చుట్ట మానారు, కొన్ని వారాలకు రక్తం మొదలైంది. మానినందుకే చిగుళ్లు చెడ్డాయనుకుని మళ్లీ వెలిగించారు. అది చిగురుకు రక్తప్రసరణ తిరిగి వస్తున్న గుర్తు. ఆ మాట నేను ముందే చెప్పి ఉండాల్సింది. చుట్ట, బీడీ, గుట్కా, పొగాకు పొడితో తోముకోవడం, ఏ అలవాటు ఉన్నా రక్తం కోసం ఎదురుచూడకండి. పళ్ల మధ్య కొత్త సందులు, పళ్లు పొడవుగా కనబడటం, నమిలితే కదలడం చూసుకోండి, చిగుళ్ల లోతు కొలిపించుకోండి. మానాక రక్తం వస్తే తోముతూనే ఉండండి, చుట్ట జోలికి వెళ్లకండి.

శుభ్రంగా తోమినా రెండు వారాలకు రక్తం ఆగకపోతే షుగరు పరీక్ష చేయించండి. గర్భిణులకు చిగుళ్లు ఉబ్బడం మామూలే, శుభ్రత మానకూడదు. కొన్ని బీపీ, మూర్ఛ మందులకు చిగురు పెరుగుతుంది, సొంతంగా మందు ఆపకుండా రాసిన డాక్టరుకు చెప్పండి. సి విటమిన్ లోపంతో రక్తం రావడం అరుదు. పొదలకూరు నిమ్మకాయను అన్నంలో పిండుకోండి, పళ్లకు రుద్దకండి. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లతో పళ్లపై వచ్చే గోధుమ రంగు మచ్చలు చిగుళ్ల జబ్బు కాదు.

చీము కారినా, ముఖం వాచినా, జ్వరం వచ్చినా ఉప్పునీళ్లతో కాలం గడపకుండా ఆ రోజే వెళ్లండి.