నెట్ సరిగా అందని ఊళ్లో సినాప్టిక్‌తో ప్యాకేజీలు ఎక్కించుకోవడం

చీపురుపల్లికి బాగా లోపలగా ఉన్న మా ఊళ్లో ఫోన్‌ను డాబా పిట్టగోడ మీద పెడితే తప్ప నెట్ అందదు. ఇలాంటి చోట డెబియన్, ఉబుంటు అనే లినక్స్ రకాలు వాడేవారికి సినాప్టిక్ చేసే మేలు పట్నంవాసులకు అంతగా తెలియకపోవచ్చు. నిజానికి ప్యాకేజీలను, అంటే సాఫ్ట్‌వేర్ కట్టలను, తెచ్చి అమర్చేది ఏప్ట్ అనే వ్యవస్థ. ఆదేశాలు గుర్తుపెట్టుకోనక్కరలేకుండా దాని చేత మెనూలతో, బటన్లతో పని చేయించేది సినాప్టిక్. ఉబుంటు 2011లో విడుదల చేసిన 11.10 నుంచి దీన్ని ముందుగా అమర్చి ఇవ్వడం మానేసింది కనుక, లేనివారు ‘సుడో ఏప్ట్ ఇన్‌స్టాల్ సినాప్టిక్’ అన్న ఆదేశాన్ని టెర్మినల్ అనే ఆదేశాల కిటికీలో ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి తెచ్చుకోవాలి.

తెరిచాక ముందుగా ‘రీలోడ్’ నొక్కితే ప్యాకేజీల జాబితా తాజా అవుతుంది. దీనికి మాత్రం నెట్ తప్పదు. నేను పిట్టగోడ మీది ఫోన్ హాట్‌స్పాట్‌తోనే ఈ పని కానిస్తాను. పాత అచ్చు పంచాంగాల స్కాన్ల నుంచి అక్షరాలను రాబట్టడానికి నాకు టెసరాక్ట్ కావలసి వచ్చినప్పుడు, ‘సెర్చ్’లో ఆ పేరు వెతికి, దాని తెలుగు ప్యాకేజీ పక్కనున్న తెల్లని గడిపై నొక్కి ‘మార్క్ ఫర్ ఇన్‌స్టలేషన్’ ఎంచుకున్నాను. దానికి తోడుగా రావలసిన ప్యాకేజీలను సినాప్టిక్ తానే చూపించి, వాటినీ గుర్తించమంటారా అని అడుగుతుంది.

నెట్ బాగుంటే ఇక ‘అప్లై’ నొక్కడమే. లేకుంటే ‘ఫైల్’ మెనూలో ‘జెనరేట్ ప్యాకేజ్ డౌన్‌లోడ్ స్క్రిప్ట్’ ఎంచుకుని, వచ్చిన చిన్న ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసుకోవాలి. అందులో ఉండేవి ఒక్కో ప్యాకేజీని డబ్ల్యుగెట్ అనే డౌన్‌లోడ్ పనిముట్టుతో దించే వరుసలు మాత్రమే. విజయనగరంలో తెలిసినవారి లినక్స్ కంప్యూటర్‌లో దాన్ని నడిపితే కావలసిన డెబ్ ఫైళ్లన్నీ, అంటే ప్యాకేజీల ఫైళ్లన్నీ, దిగుతాయి. మధ్యలో కరెంటు పోయినా మళ్లీ నడిపితే ఆగిన చోటి నుంచే కొనసాగుతుంది. ఏమేం కావాలో మన కంప్యూటరే ముందుగా లెక్క కట్టింది కాబట్టి, వారి దగ్గర ఏ లినక్స్ ఉన్నా ఇబ్బంది లేదు.

ఇంటికి వచ్చాక ‘ఫైల్’లోనే ‘యాడ్ డౌన్‌లోడెడ్ ప్యాకేజెస్’ నొక్కి, ఆ ఫైళ్లున్న ఫోల్డరును చూపాలి. అయితే స్క్రిప్టు తయారుచేసిన తరువాత, ఫైళ్లను ఎక్కించేదాకా మళ్లీ ‘రీలోడ్’ జోలికి పోకూడదు. ఈలోగా కొత్త వెర్షన్ వచ్చి ఉంటే జాబితాకూ, తెచ్చిన ఫైళ్లకూ పొంతన కుదరదు. స్క్రిప్టును వారాల తరబడి జేబులో ఉంచుకున్నా చిక్కే, ఎందుకంటే సర్వర్లలో పాత వెర్షన్లను తీసేసి ఉండవచ్చు. అప్పుడు ‘నాట్ ఫౌండ్’ అన్న జవాబే వస్తుంది.

తీసివేతల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఒకసారి అక్కరలేదనుకున్న వీడియో ప్లేయర్‌ను తీసేస్తూ, ‘అప్లై’ ముందు వచ్చే పట్టికను చదవకుండా ఒప్పుకున్నాను; దానితోపాటు డెస్క్‌టాప్ ప్యాకేజీ కూడా పోయి, మరునాడు నల్లని తెర మాత్రమే మిగిలింది. ఆ పట్టికలో తొలగించేవాటి కింద మీరు ఎంచుకోని పేరు ఒక్కటి కనిపించినా ‘క్యాన్సిల్’ నొక్కండి. ఎప్పుడు ఏది తీశారో ‘ఫైల్’లోని ‘హిస్టరీ’లో తేదీలవారీగా ఉంటుంది, పోయినవాటి పేర్లు నాకు అక్కడే దొరికాయి.