ఆ కోపం అసలు ఎవరి మీద?

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి (కమీషన్ వ్యాపారి) దుకాణంలో పద్దులు రాస్తాను. దూరవిద్యలో సైకాలజీ చదివాను. పుస్తకంలో బట్టీ పట్టిన రక్షక తంత్రాలు మిర్చి సీజన్‌లో రోజూ కళ్ల ముందే కనిపిస్తాయి. తట్టుకోలేని విషయాన్ని మనసు మనకు తెలియకుండానే పక్కకు నెట్టే పద్ధతులివి. 1894లోనే మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ వీటి గురించి రాశాడు. ఆయన కూతురు అన్నా 1936లో వీటన్నిటినీ వరుసపెట్టి పుస్తకం చేసింది. పేర్లన్నీ గుర్తుండక్కర్లేదు. విషయం ఎంత, దానికి మన కోపమెంత అన్నది చూసుకోండి.

ధర పడిన రోజు ఖరీదుదారును ఏమీ అనలేరు, రేపు మళ్లీ అతనే కొనాలి. అందుకని బస్తా కాస్త పక్కకు వేసిన హమాలీ మీద అరుస్తారు. లేదంటే "తిన్నవా?" అని ఫోన్ చేసిన భార్య మీద. అత్త మీద కోపం దుత్త మీద చూపడమే. ఇల్లు చేరేలోపు ములుగు రోడ్డులో బండి ఆపి టీ తాగుతూ ఒక్కటి అడుక్కోండి: ఈ మాట ఎవరిని అనాల్సింది? పేరు తడితే సగం వేడి దిగుతుంది. అతన్ని అనలేకపోయినా ఇంట్లో "రేటు పడింది, మనసు బాగలేదు, కాసేపాగి మాట్లాడతా" అనొచ్చు. ఈ ఒక్క మాటకు మగవాళ్లకు అంత మొహమాటమెందుకో!

కొడుక్కి సీటు రాని కాలేజీని "అందులో ఏముంది" అని తీసిపారేసేవాళ్లను వదిలేయండి. ఎవరికీ నష్టం లేదు.

షుగర్ సంగతి అలా కాదు. రిపోర్టు చూసి మా బావ "ల్యాబ్ మిషినే తప్పు" అన్నాడు. "నీకు భయం" అంటే ఇంకా బిగుసుకుంటాడు. "అయితే బావా, రేపు పరగడుపున ఇంకోచోట చేయిద్దాం, నేనూ వస్తా" అన్నాను. పరగడుపున షుగర్ 126 దాటితే డాక్టర్లు కూడా మామూలుగా రెండోసారి చేయించి ఖాయం చేసుకుంటారు. కాబట్టి ఆయన అనుమానమే ఆయన్ని పరీక్షకు తీసుకెళ్లింది.

ఒక జాగ్రత్త. పత్తి రైతు "తేమ మీటర్ తప్పు" అంటే మనస్తత్వ విశ్లేషణ మొదలుపెట్టకండి. సీసీఐ (కేంద్రం తరఫున పత్తి కొనే సంస్థ) పూర్తి మద్దతు ధర ఇచ్చేది 8 శాతం తేమ వరకే, 12 దాటితే కొనదు. ఒక్కో పాయింటూ అతని డబ్బు. ముందు ఇంకో మీటర్ పెట్టి చూడండి. అవతలివాడి ఫిర్యాదుకు సైకాలజీ పేరు తగిలించి తప్పుకోవడం కూడా రక్షక తంత్రమే, చదువుకున్నవాళ్లు ఎక్కువగా వాడేది.

నిద్ర పట్టక, తాగుడు పెరిగి, "ఉండి ఏం లాభం" అనే మాట వినబడితే ఇవేవీ చాలవు. ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా 14416కు ఫోన్ చేయండి. అది టెలిమానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, రాత్రయినా తెలుగులో మాట్లాడతారు.