అమెరికాలో కోళ్లు పెంచాలనుకునే మన సీమవాళ్లకు: ముందు జాలీ, గడియ చూసుకోండి

ఊర్లో గంప కింద కోళ్లను మూసి పైన రాయి పెడితే తెల్లారేదాకా నిశ్చింత. పిల్లి, ముంగిస, వీధికుక్క, అంతే కదా. ఆ ధైర్యంతోనే మన ప్రొద్దుటూరు తమ్ముడొకడు ఇక్కడ టెక్సాస్‌లో పెరట్లో నాలుగు పెట్టల్ని పెట్టుకుంటే, పోయిన వారం ఒక్క రాత్రిలో మూడు పోయాయి. వాళ్ల పిల్లల ఏడుపు చూడలేకపోయాను, అందుకే ఇది రాస్తున్నా.

సిటీ రూల్స్, హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) రూల్స్ కోళ్లు కొనకముందే కనుక్కోండి, చాలాచోట్ల పుంజును ఒప్పుకోరు. నా బాధంతా జాలీ గురించే.

చికెన్ వైర్ అని ఆరుమూలల కన్నాలున్న పల్చటి జాలీ అమ్ముతారు. పేరు చూసి కొనేయకండి నాయనా! అది కోడిని బయటికి పోనివ్వదు గానీ, రకూన్‌ను మాత్రం ఆపలేదు, అది రాత్రిపూట తిరిగే, పిల్లికంటే కాస్త పెద్ద జంతువు. రకూన్ ముందరికాళ్లకు మనిషి చేతుల్లా వేళ్లు విడివిడిగా ఉంటాయి, కన్నంలోంచి చెయ్యి దూర్చి నిద్రపోతున్న కోడి కాలు పట్టి లాగుతుంది, పట్టు దొరికితే ఆ తీగనే చింపేస్తుంది. నేను వచ్చిన కొత్తలో రాత్రి చిన్న చప్పుడైనా టార్చి పట్టుకొని పెరట్లోకి పరిగెత్తేవాణ్ణి, పొద్దున చూస్తే తలుపు మీద గడియ చుట్టూ బురద వేళ్ల అచ్చులు. ఆ టెన్షన్ మీకెందుకు? అర అంగుళం కన్నాల హార్డ్‌వేర్ క్లాత్ తీసుకోండి, పేరుకే క్లాత్, అది గట్టి ఇనుప తీగ జాలీ. ధర ఎక్కువే, అయినా అదే కొనండి. స్టేపుల్స్ కొట్టి వదిలేయొద్దు, వాషర్లు పెట్టి స్క్రూలతో బిగించండి. గాలికని పైన వదిలిన సందులకూ అదే జాలీ వేయాలి, అంగుళం సందు దొరికితే వీజిల్ అనే ముంగిసలాంటి సన్నటి జంతువు దూరిపోతుంది.

మామూలు కొక్కేన్ని రకూన్ తీసేస్తుంది. ఎత్తి తిప్పితే గానీ రాని గడియ పెట్టి, దానికి స్ప్రింగ్ క్లిప్పు తగిలించండి. రోజూ తగిలించాలి, ఈ ఒక్క రాత్రికి ఏమవుతుందిలే అనుకోవద్దు.

నక్క, కొయోటీ (చిన్న తోడేలులాంటిది) కింద తవ్వుకొని వస్తాయి. గూటి మొదట్లోంచి బయటివైపు రెండడుగులు జాలీ పరిచి మట్టి కప్పితే, అంచు దగ్గర తవ్వబోయి కాళ్లకు ఇనుము తగిలి వదిలేస్తాయి. తిరిగే చోటుకు పైకప్పు కూడా కావాలి, పగలు డేగలు దిగుతాయి. వాటిని కొట్టడం ఇక్కడ నేరం, 1918 నాటి వలస పక్షుల చట్టం ఉంది.

ఒక్కో కోడికి గూట్లో నాలుగు చదరపు అడుగులు, బయట పది అడుగులైనా ఉండాలి. మేత రాత్రి మూతపెట్టండి, ఎలుకలొస్తే వెనకే పాములొస్తాయి. చలికని హీట్ ల్యాంప్ పెట్టొద్దు, ఎండుగడ్డి అంటుకుంటుంది.

సరే, భయపెట్టినట్టున్నా. ఒక శని, ఆదివారాలు ఒళ్లు వంచి గట్టిగా కట్టుకుంటే తర్వాత పెద్ద పనేం ఉండదులే. చీకటి పడేసరికి కోళ్లు వాటంతట అవే గూట్లోకి పోతాయి, తలుపేసి గడియ చూసుకొని రావడమే మీ పని. జాలీ కోసేటప్పుడు మాత్రం చేతులకు తోలు తొడుగులు వేసుకోండి, అంచులు కోసుకుంటాయి.