కొత్త ఇంటి నెట్‌వర్క్ స్విచ్: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

అనంతపురంలో ఇప్పుడు కట్టే ఇళ్లలో కరెంటు పైపులతో పాటు నెట్ కేబులుకు కూడా గోడల్లో పైపులు వేయిస్తున్నారు గానీ, ఆ కేబుళ్లన్నీ వచ్చి చేరే స్విచ్‌ను మాత్రం గృహప్రవేశానికి రెండు రోజుల ముందు హడావిడిగా కొంటున్నారు. దుకాణంలో ఉత్త ‘స్విచ్’ అని అడిగితే లైటు స్విచ్చుల పెట్టె తీసి చూపే ప్రమాదం కూడా ఉంది కనుక ‘ఎనిమిది పోర్టుల గిగాబిట్ నెట్‌వర్క్ స్విచ్’ అని పూర్తిగా చెప్పడం మంచిది. పోర్టు అంటే కేబులు గుచ్చే రంధ్రం, గిగాబిట్ అంటే 1000 ఎంబీపీఎస్ వేగం.

సమస్య: 200 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నా, గోడ సాకెట్‌కు తగిలించిన కంప్యూటర్‌లో వేగం 94 దగ్గరే ఆగిపోతోంది.

ఆ 94 అనే అంకెలోనే కారణం తెలిసిపోతుంది. మార్గంలో ఎక్కడో ఒక అతుకు 100 ఎంబీపీఎస్‌కు పడిపోయిందని, మిగిలిన ఆరు పాళ్లు డేటాను మోసే హంగులకు ఖర్చవుతున్నాయని దాని అర్థం. మొదట స్విచ్ పెట్టె చూడండి. దాని మీద ‘10/100’ అని మాత్రమే ఉంటే, అంటే 100 ఎంబీపీఎస్ దాటదని రాసి ఉంటే, దోషం స్విచ్‌దే. దాన్ని మార్చడం తప్ప వేరే దారి లేదు. ‘10/100/1000’ అని ఉండి కూడా వేగం రాకపోతే కేబులును అనుమానించాలి. వంద ఎంబీపీఎస్‌కు ఎనిమిది తీగల్లో నాలుగు చాలు, గిగాబిట్‌కు మాత్రం ఎనిమిదీ కావాలి. అందువల్ల కనెక్టర్‌లో మిగిలిన ఆ నాలుగింటిలో ఒక్క తీగ సరిగా కూర్చోకపోయినా నెట్ ఆగిపోకుండా నిదానంగా నడుస్తుంది, ఇంటివారికి ఏళ్ల తరబడి అనుమానమే రాదు. రెండు చివరల కనెక్టర్లను కోసి, ఒకే రంగుల వరుసలో మళ్లీ బిగించి, నెట్ కేబుల్ టెస్టర్‌తో ఎనిమిది లైట్లూ వెలుగుతున్నాయో లేదో చూడండి. అప్పటికీ కుదరకపోతే తీగను బ్లేడుతో గీకి చూడాలి. లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. చవకగా వస్తుందని గోడల్లో అలాంటి కేబులు దించడం నా లెక్కలో ఈ మొత్తం పనిలో చేయగల అతి పెద్ద పొరపాటు, ఎందుకంటే స్విచ్‌ను ఒక్క గంటలో మార్చవచ్చు, పైపు ఎక్కడైనా నలిగి ఉంటే కేబులు మార్చడానికి గోడ పగలగొట్టాలి.

సమస్య: పగలంతా బాగా పనిచేసే కెమెరాలలో ఒకటి రెండు చీకటి పడగానే ఆగిపోతున్నాయి.

నెట్ కేబులు ద్వారానే కెమెరాకు కరెంటు కూడా ఇచ్చే పీఓఈ స్విచ్‌లలో వచ్చే ఇబ్బంది ఇది. రాత్రి కెమెరాలోని ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలగడంతో వాడకం పెరుగుతుంది, స్విచ్ మొత్తం మీద ఇవ్వగల వాట్లు చాలక ఏదో ఒక పోర్టుకు కరెంటు నిలిపివేస్తుంది. ఒక్కో పోర్టుకు 802.3 ఏఎఫ్ పద్ధతిలో 15.4 వాట్లు, ఏటీ పద్ధతిలో 30 వాట్లు అని రాసి ఉన్నంత మాత్రాన అన్ని పోర్టులకూ ఒకేసారి అంత వస్తుందని కాదు. పెట్టె మీద ‘పీఓఈ బడ్జెట్’ అని విడిగా రాసిన అంకెనే, అంటే అన్ని పోర్టులకూ కలిపి ఇవ్వగల వాట్లనే చూడాలి. ఉదాహరణకు గరిష్ఠంగా 9 వాట్లు వాడే ఆరు కెమెరాలకు 54 వాట్లు, మేడ మీద పెట్టిన వైఫై పాయింటుకు 13 వాట్లు కలిపితే 67 అవుతుంది, 60 వాట్ల స్విచ్ దీనికి చాలదు. 90 వాట్లకు పైబడినది తీసుకుంటే తరువాత గేటు దగ్గర ఇంకో కెమెరా పెట్టుకోవడానికీ వీలుంటుంది.

సమస్య: ఎండాకాలం మధ్యాహ్నాల్లో నెట్ తెగిపోయి, సాయంత్రానికి దానంతట అదే వస్తోంది.

ఇళ్లలో వాడే చాలా స్విచ్‌లు 40 డిగ్రీల వరకే పనిచేసేలా తయారవుతాయి. మే నెలలో మన ఊరి బయటి ఎండే అంతకు మించుతుంది, ఇక పైకప్పు కాలే మెట్ల గదిలో, తలుపు మూసిన పెట్టెలో ఉన్న స్విచ్ సంగతి చెప్పనక్కరలేదు. దాన్ని కింది అంతస్తులో, గాలి ఆడే చోట, కడప బండ అర మీద నాలుగు వైపులా ఖాళీ వదిలి పెట్టించండి. లోహపు ఒళ్లున్న రకం వేడిని త్వరగా వదులుతుంది.

సమస్య: ఉన్నట్టుండి ఇల్లంతా నెట్ ఆగిపోయి, స్విచ్ లైట్లన్నీ ఒక్కసారిగా వేగంగా మిణుకుతున్నాయి.

ఒకే కేబులు రెండు చివరలనూ ఎవరో అదే స్విచ్‌లో గుచ్చి ఉంటారు. ఒక్కొక్క కేబులు పీకుతూ పోతే ఏది తీసినప్పుడు లైట్లు నెమ్మదిస్తాయో అదే దోషి. కేబుళ్ల చివర ‘హాలు’, ‘పడక గది’ అని చీటీలు అంటించి ఉంటే ఈ వెతుకులాట తప్పుతుంది.

సమస్య: కరెంటు పోతే రౌటర్ నడుస్తున్నా గదుల్లో నెట్ రావడం లేదు.

రౌటర్‌కు ఇన్వర్టర్ లైను ఇచ్చి, స్విచ్‌ను మామూలు ప్లగ్గులో పెట్టారన్న మాట. పీఓఈ లేని ఎనిమిది పోర్టుల స్విచ్ వాడే కరెంటు కొద్ది వాట్లే కాబట్టి దాన్నీ అదే ఇన్వర్టర్ ప్లగ్గుకు మార్చవచ్చు. పీఓఈ స్విచ్ అయితే కెమెరాల వాట్లు కూడా కలిపి ఇన్వర్టర్ బ్యాటరీ ఎంతసేపు ఆగుతుందో ఎలక్ట్రీషియన్‌తో ముందే లెక్క వేయించుకోవాలి.